పుర్సాత్ బజారులో ఐసుపెట్టె

విబోల్ గారికి నమస్కారాలు.

ఓజోన్ పొరను కాపాడే ఒప్పందం కోసం ఫ్రిజ్ మెకానిక్కులకు మీరిచ్చిన శిక్షణ ముగిసి ఆరేళ్లయింది. దానివల్ల ఏం మిగిలిందో చూసి నివేదిక రాయమని ఆఫీసు నన్ను పంపింది. తొమ్మిది జిల్లాలు తిరిగాను. యంత్రాలు తుప్పు పట్టాయి. మీరు నేర్పినవాళ్లు వేరే పనుల్లోకి వెళ్లిపోయారు. 'ఏమీ నిలవలేదు' అని రాసేశాను కూడా. మీరూ ఇన్నాళ్లుగా అదే అంటున్నారు కదా.

నిన్న పుర్సాత్ బజారులో, చేపలమ్మే ఒకావిడ ఐసుపెట్టె బాగుచేస్తున్న చాన్‌థూ అనే అమ్మాయిని చూశాను. పాత గ్యాసును గాలిలోకి వదలకుండా ఓపిగ్గా సిలిండరులోకి నింపుకుంటోంది.

"వదిలెయ్యవే తల్లీ, చేపలు కుళ్లిపోతున్నాయి!" అని చేపలావిడ కేకలేసింది.

"వదిలేస్తే ఆకాశానికి చిల్లు పడుద్ది పిన్నీ. నువ్వొచ్చి కుడతావా?" అంది చాన్‌థూ.

ఎవరు నేర్పారని అడిగాను. వాళ్ల మేనత్తట. ఆ మేనత్తకు పక్కింటాయన నేర్పాడు, ఆయనకు మీరు. ఇప్పుడా ఊళ్లో పదిహేడు మంది ఇలాగే చేస్తున్నారు. ఒప్పందం పేరు ఒక్కరికీ తెలియదు. ఆ జనం మధ్యలో ఆ అమ్మాయికి చేతులు జోడించి నిలబడిపోయాను.

నివేదిక మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను.

"మొదట నేర్పినాయన బతికే ఉన్నారా?" అని అడిగింది చాన్‌థూ. ఉన్నారని చెప్పాను. శనివారం పొద్దుటి బస్సుకి రండి. పదిహేడు మందీ దుకాణాలు మూసి మీకోసం చూస్తామన్నారు.

మీ దగ్గర పని నేర్చుకున్న సహాయకురాలు