బుచ్చయ్య మామ గోడ మీద తారు గుర్తు

1961 జూన్ 11, ఆదివారం

మళ్లీ వాన. మళ్లీ మగ్గం గుంటలో నీళ్లు. పిక్కల దాకా తడుస్తూ నేశాను. పడుగు చెమ్మ పట్టి పొద్దటి నుంచి ఎన్నిసార్లు తెగిందో.

అంజమ్మ తలుపు దగ్గర నిలబడి చూసింది. "చీర నేస్తున్నవా, చేపలు పడుతున్నవా?"

ఇన్నేళ్ల కాపురంలో నా ఎగతాళి జబ్బు దీనికీ అంటుకుంది. నేను నవ్వాను. అది నవ్వలేదు.

"కిరాయి ఇంట్ల గీ గుంట ఇంకెన్నేండ్లు తోడాలె? బుచ్చయ్య మామ ఇల్లు అమ్ముతడంట. పోయి అడుగు."

కొత్తకోట నేతగాళ్లలో వానాకాలం నీళ్లు ఊరని గుంట ఆయనదొక్కటే. కింద బండ. ఆయన తండ్రి ఆ బండను గునపంతో పొడిచి పొడిచి తవ్వాడట. ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే శ్రావణంలో కూడా పొడిగా ఉంటుంది. నాకు తెలుసు. కూర్చున్నాను.

అడగాలి. కానీ ఆ ఇల్లు... ఇంకేదైనా ఇల్లు కాకూడదా.

జూన్ 12

అడగలేదు. సంతకు పోయానని అబద్ధం చెప్పాను.

జూన్ 14, బుధవారం

ఇక్కడైనా రాయాలి.

పోయిన చలికాలం పెద్ద రోడ్డు కొలిచేవాళ్లు వచ్చారు. రోడ్డు పక్క ఇళ్ల గోడల మీద తారుతో బాణం, దాని కింద నంబరు వేసి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తే ఆ ఇళ్లు పోతాయి. మామ ఇల్లు సందులో లోపలికి ఉంది. దానికి గుర్తు పడలేదు. అరుగు మీద కాళ్లు చాపి కూర్చుని గుర్తు పడ్డవాళ్లందరికీ నీతులు చెప్పాడు. "నా ఇంటి దిక్కు ఢిల్లీ సర్కారు గూడ చూడదు" అన్నాడు.

నాకు మామ వరస. మామను ఆట పట్టించక ఎవరిని పట్టిస్తాను. మామ, ఆయన భార్య ఈరమ్మ అత్త వనపర్తి పెళ్లికి పోయిన రోజు, కొలిచేవాళ్లు పారేసిన డబ్బా అడుగున తారు దొరికింది. సందులో ఎవరూ లేరు, పట్టపగలే వేశాను, బాణం. కింద ముప్పై రెండు. ఎందుకు ముప్పై రెండో నాకే తెలియదు. వాళ్లు రాగానే మామ మొహం చూసి, కడుపు పట్టుకుని నవ్వి, చెప్పేద్దామని.

వచ్చారు. ఎదురింటి అరుగు మీద నవ్వు బిగబట్టుకుని కూర్చున్నాను. ఆయన చూశాడు. గుర్తును చేత్తో తడిమాడు. వేళ్లు వాసన చూసుకున్నాడు. ఈరమ్మ అత్త వెనక నుంచి "ఏందయ్యా గది?" అంటే — "ఏం లేదు. లోపటికి నడువు."

ఆ గొంతు విన్నాక నవ్వు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. మర్నాడు ఆయన బస్సెక్కి మహబూబ్‌నగర్ పోయి ఏదో ఆఫీసులో అడిగాడట. ఎవరో గుమాస్తా తల కూడా ఎత్తకుండా, గోడ మీద నంబరుంటే లిస్టులో ఉన్నట్టే, పో అన్నాడట. ఇక అప్పుడెలా చెప్పాలి.

ఆరు నెలలయింది.

జూన్ 18, ఆదివారం

అడిగాను.

"మామా, ఇల్లు అమ్ముతవంట గద."

"ఎవల కోసం అడుగుతున్నవ్?"

"నా కోసమే."

"తమాషాలు బంద్ చెయ్. పొద్దున్నే నేనే దొరికిన్నా నీకు?"

తమాషా కాదన్నాను. ఆయన లేచి నన్ను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకుపోయాడు. నన్ను, ఆ గోడ దగ్గరికి.

"కనపడ్తలేదా అల్లుడా? రేపో మాపో కూలగొడ్తరు. పిల్లలు గలోనివి. కూలే ఇల్లు నీకు అంటగట్టి నీ ఉసురు పోసుకోవాల్నా?"

"రోడ్డు పడేసరికి పదేండ్లయితది మామా."

"యాడాదికే పడితే?"

అత్త గ్లాసులో చల్ల తెచ్చి ఇచ్చింది. తాగుతుంటే చెప్పింది, ఆయన చేతులు వణికి నేత మానేశాడని, ఇల్లు కూలేదాకా ఉంటే ఏమీ మిగలదని, కొల్లాపూర్‌లో తన తమ్ముడి దొడ్లో ఒక కొట్టం ఉందని. పోయి అక్కడ ఉంటారట.

మామ అన్నాడు — "గీ గుర్తు పడకపోతే ఇంట్లకెళ్లి నన్ను పాడె మీదనే తీస్తుండ్రి."

సగం తాగిన గ్లాసు కింద పెట్టి చల్ల బాగుందన్నాను.

జూన్ 19

మామ ఆలోచించి చెబుతానన్నాడు. ధర మాత్రం చెప్పాడు. గుర్తు లేకపోతే ఎంత పలికేదో అందులో సగం. అది విన్నప్పుడు నా లోపల ఒకడు సంతోషపడ్డాడు. వాణ్ని నేను చూశాను. నేనే.

జూన్ 20

మామ ఇంకా అవునూ కాదూ అనలేదు. పొద్దున అవునంటాడు, మధ్యాహ్నం అత్తను పంపి వద్దంటాడు.

జూన్ 21, బుధవారం

దర్జీ మొగులయ్య మిషన్ ఆపి మరీ అన్నాడు. "నర్సింహా, నువ్వు మనిషివైనవ్ పో. పోయే ఇల్లని తెలిసి గూడ ముసలోళ్లకు నాలుగు పైసలు దొరుకుతయని కొంటున్నవంట. ఇన్నేండ్లు నిన్ను జోకర్ అనుకున్నం."

జోకరే అన్నాను. అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

ఇంటికొస్తే అంజమ్మ రొట్టె మీద వెన్న వేసింది. పండుగ కాదు, పబ్బం కాదు. తినలేక తినలేక తిన్నాను.

జూన్ 23, శుక్రవారం

చెప్పాను. ఎట్టకేలకు.

మామ ఒక్కడే అరుగు మీద ఉన్నాడు. కూర్చుని, ఊపిరి తీసుకుని, సూటిగా — "మామా, గా గుర్తు సర్కారుది కాదు. నేనే పెట్టిన. మీరు వనపర్తి పోయిననాడు."

నా వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఈ ఆరు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను.

"నువ్వు మారవు రా."

"ఒట్టు మామా."

"నీ ఒట్లు నాకెరుకే. నా ఆవు దూడను ఈనిందని పొలంకెళ్లి ఇంటిదాక ఉరికిచ్చినోనివి నువ్వే గద. వచ్చి చూస్తే ఆవు జాడ లేదు, ఎవలదో ఎద్దును కట్టేసి పెట్టినవ్."

ఎంత చెప్పినా అంతే. చివరికి నా భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అన్నాడు — "సమజైంది అల్లుడా. ముసలోడు ఇల్లిడిసి పోతున్నడని నీకు పానం కొట్టుకుంటాంది. నన్ను ఉండమనే గద గింత అబద్ధం. నీ అసుంటోనికి ఇయ్యక ఇంకెవలకిస్త? ఇల్లు నీకే. తీస్కో."

ఈరమ్మ అత్తను కేక వేసి పిలిచి చెప్పాడు. అత్త కళ్లు తుడుచుకుంది.

నిజం చెబితే బేరం చెడుతుందనుకున్నాను. నిజం చెబితేనే కుదిరింది. ఇలాంటి ఆట నేను కూడా ఎవరితోనూ ఆడలేదు.

జూన్ 24

అంజమ్మకు మొత్తం చెప్పాను. అది నమ్మింది. నన్ను నమ్మేది అదొక్కతే. కాసేపు తిట్టింది. తర్వాత గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడుతూ, తల ఎత్తకుండా —

"చెప్పినవ్ గద. ఆయన నమ్మకపాయె. ఇగ నీ తప్పేముంది?"

జూన్ 25

ఆ మాట నాకు చాలా నచ్చింది. రోజంతా నేస్తూ అదే అనుకున్నాను. చెప్పాను గదా. చెప్పాను గదా.

జూన్ 28, బుధవారం

సాదా కాగితం మీద రాసుకుందామన్నాడు మామ. దలాల్ వద్దు, రిజిస్ట్రీ వద్దు, మనలో మనకు ఎందుకని. ఆయనకు అక్షరం రాదు. నేను నాలుగో తరగతి దాకా చదివాను కాబట్టి నన్నే రాయమన్నాడు. సాక్షులు ఆదివారం వచ్చి వేలిముద్ర వేస్తారు.

ఆయన చెబుతుంటే రాస్తున్నాను. ఇంటి హద్దులు. తూర్పున సందు, పడమర కిష్టయ్య దొడ్డి. బాగానే నడిచింది. తర్వాత —

"రాయి. గోడ మీద సర్కారు గుర్తున్నదని చెప్పే అమ్మిన. దాపెట్టలే. రేపు ఇల్లు పోతే నర్సింహ నన్ను తిట్టొద్దు, ఆని పిల్లలు నన్ను తిట్టొద్దు. రాసినవా?"

గోడ మీద, అని రాశాను. సర్... దగ్గర కలం ఆగింది. కాగితం చింపాను. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే.

"కాయిదం పాడు చేస్తున్నవేంది?"

సిరా అయిపోయిందన్నాను. బుడ్డి సగం నిండుగా ఉంది. ఆయన ముందే ఉంది. చూడలేదో, చూసి ఊరుకున్నాడో.

ఆయన దాచలేదని నా చేతితో రాయాలి. నా చేతితో.

జూలై 1, శనివారం

అంజమ్మను అత్త పిలిపించింది. ఇసుర్రాయి ఇచ్చేస్తానని. బస్సులో పోదట. నేను మోయడానికి పోయాను.

రాయి నేలలో పాతుకుపోయి ఉంది. కదిలించబోతే అత్త ఆగమంది. దోసెడు జొన్నలు తెచ్చి పోసి, కూర్చుని, విసిరింది. పిండి ఎత్తలేదు. దాని ముందు అలాగే కూర్చుంది. "కొల్లాపూర్ల నీళ్లు ఎట్లుంటయో" అంది అంజమ్మతో. అంజమ్మ నా వైపు ఒక్కసారి చూసింది.

రాయి తేలేదు. నడుము పట్టిందని చెప్పి వచ్చేశాను.

దారిలో అంజమ్మ — "నేనన్న మాట ఇడిసిపెట్టు."

అంతే. ఏ మాటో చెప్పలేదు. తెలుసు.

జూలై 2, ఆదివారం

సాక్షులు మొగులయ్య, కిష్టయ్య. చాప పరిచారు. మామ తెల్ల తలపాగా చుట్టుకున్నాడు. అత్త అందరికీ బెల్లం పెట్టింది.

నేను ఆ పాత తారు డబ్బా వేడి చేసుకుని పోయాను. మొగులయ్య చూసి "వేలిముద్రకు తారెందుకురా, ఇంకు ప్యాడ్ తెచ్చిన" అన్నాడు. నవ్వారు. మాట్లాడితే నమ్మరు. గోడ దగ్గరికి పోయి, ఆ బాణం పక్కన ఇంకో బాణం గీశాను. నాది ఎడమచేతి వాటం. నేనెలా గీసినా బాణం తోక కిందికి వంగుతుంది. రోడ్డు పక్క గుర్తులన్నీ నిటారుగా ఉన్నాయి. ఇదొక్కటే వంకర. ఇప్పుడు రెండు. కింద ముప్పై రెండు వేశాను. ఆ రెండు అంకె మెలిక కూడా అదే.

ముందు కిష్టయ్య నవ్వాడు. మెల్లగా ఆపేశాడు.

మామ లేచి వచ్చాడు. పాత గుర్తు చూశాడు. కొత్తది చూశాడు. మళ్లీ పాతది. కొడతాడనుకున్నాను. కొట్టనీ అనే అక్కడ నిలబడ్డాను.

"మీరు పోండ్రి" అన్నాడు సాక్షులతో. వాళ్లు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పోయారు.

మామ వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఆరు నెల్లు" అన్నాడు, తనలో తనే. లోపలికి పోయాడు.

అత్త చేతిలో బెల్లం పళ్లెం అలాగే ఉంది. "గీ ఎండకాలం గోడకు పూత పెట్టలే నేను" అంది. "పోయే గోడకు ఎందుకని."

తిట్టినట్టు లేదు. ఏదో పని గుర్తొచ్చినట్టు అంది. అది ఇంకా చెవిలో ఉంది.

జూలై 3

వాన. గుంట నిండింది. నేత లేదు.

జూలై 4

మొగులయ్య నన్ను చూసి మొహం తిప్పుకున్నాడు. సరే.

అంజమ్మ అన్నం పెడుతోంది. మాట్లాడడం లేదు. కోపం చేసిన పనికా, ఇల్లు పోయినందుకా — అడగలేదు. దానికైనా తెలుసో లేదో.

జూలై 6, గురువారం

సందు మొగలో నిలబడి చూశాను. అత్త గోడకు ఎర్రమట్టి పూస్తోంది. వానలో ఆరదని ఆమెకు తెలియదా. పూసిన చోటల్లా కారిపోతోంది. మళ్లీ పూస్తోంది. గుర్తుల దాకా ఇంకా రాలేదు. మట్టి పిసికి ఇద్దామని రెండడుగులు వేశాను. ఆమె వెనక్కి చూడగానే ఆగిపోయాను.

కొల్లాపూర్ పోవడం లేదట. ఎవరో అంటే విన్నాను.

జూలై 9, ఆదివారం

పొద్దున మామ వచ్చాడు. మా ఇంటికి. గొడుగు మూసి తలుపు బయటే నిలబడ్డాడు. లేచి చాప వేయబోయాను. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నా గుంట వైపు చూశాడు. పైన తొక్కుడు చెక్కలు తేలుతున్నాయి.

"ఇల్లు అమ్మను" అన్నాడు.

సరే మామా అన్నాను.

గొడుగు విప్పాడు. విప్పుతూ, అటు తిరిగి — "నా గుంట ఖాళీగనే ఉన్నది."

వెళ్లిపోయాడు.

అంజమ్మ లోపలి నుంచి ఉరికి వచ్చింది. వారం తర్వాత నాతో మొదటి మాట. "రమ్మనే గద అన్నడు? మగ్గం ఆడ పెట్టుకొమ్మనే గద?"

నాకు తెలియదు. దెప్పాడేమో. నువ్వు పోగొట్టుకున్నది చూసుకోమని అన్నాడేమో. నేనైతే అలాగే అనేవాణ్ని, ఆటకు.

"నవ్విండా అంటప్పుడు?"

మొహం నాకు కనపడలేదు. గొడుగు అడ్డం.

మగ్గం చెక్కలు తీసి తుడిచి గోడకు ఆనించాను. అంతవరకే. సందు దాకా మోసుకుపోలేదు. వాన తగ్గలేదు.