ఎడమకు తిరిగినప్పుడు తప్పే అడుగు

కోదాడ,
ఆదివారం ఉదయం

అక్కకు, తమ్ముడు యాదగిరి దండం పెట్టి రాసేది.

నేను ఇక్కడ బాగున్నాను. నీ మోకాళ్లు ఎట్లున్నాయో, మందు మరవకుండా వేసుకుంటున్నావో లేదో కోడలితో రాయించు. ఫోన్ చేద్దామంటే బావే ఎత్తుతాడు. కుడి చెవికి పెట్టుకుంటే సరే. ఎడమ చెవికి పెట్టుకున్నాడంటే, నేను ఒకటి అడిగి రెండోది అడిగేసరికి మొదటిదానికి జవాబు వస్తుంది. అందుకే ఉత్తరం.

మోతెలో మోటారు వైండింగు దుకాణం మూసి ఇక్కడికి పనికి వచ్చి మూడు నెలలైంది. పని, పడక రెండూ రేకుల షెడ్డులోనే; మధ్యాహ్నం దాని కింద ఉంటే పెనం మీద ఉన్నట్టే. మెస్సులో తిండికి లోటు లేదు, కారమే తక్కువ. కోడలి చేతి పచ్చిమిరపకాయ తొక్కు ఒక సీసా బస్సులో పంపు. ఆదివారం మాట్లాడే మనిషి ఉండడు. హైవే పక్కన కూర్చుని లారీల వెనక రాసినవి చదువుతాను. మోటారు పెట్టెల మీది అక్షరాలతో ఇంగ్లీషు నేర్చినవాణ్ణి, లారీలు నాకు డిగ్రీ చదువు. పరేషాన్ కావద్దు, బాగానే ఉన్నాను.

అసలు సంగతి చెప్పాలి. షెడ్డు యజమాని శైలజ, ఇక్కడే ఇంజనీరింగ్ చదివిన పిల్ల. కంప్యూటర్‌తో నడిచే మెషిన్ కొని తలుపుల మీద పూలు, తీగలు చెక్కిస్తుంది. మఠంపల్లి ఆసామి ఒకాయన తన చేలోని టేకు కోయించి ఒక తలుపు కోసం, తప్పిపోతే ఇంకోటి ఉండాలని రెండింటికి సరిపడా చెక్క తెచ్చాడు. మొదటి తలుపు మీద తీగ సగం దాకా చక్కగా వచ్చి, చివరికి జొన్నగింజంత పక్కకు జరిగింది. చెక్క పాడైంది.

“శుక్రవారం దాకా చూద్దాం బాబాయ్,” అంది శైలజ. “కుదరకపోతే మెషిన్ తిప్పి పంపేస్తాను. మళ్ళీ ప్లైవుడ్డే అమ్ముకుంటాను.”

నా సంగతి ఆమె ఎత్తలేదు. ఎత్తనక్కరలేదు కూడా. మెషిన్ పోతే నేనూ పోవాలి. అరవై దాటినవాడికి కొత్త పనేంది, నెలలో వాపస్ వస్తడని బావ ఊరందరి ముందు అన్న మాట నీకు తెలుసు.

నలభై ఏళ్ల అలవాటు, చెయ్యి ముందు పానా మీదికే పోయింది. నట్లు వదులైనాయని రెండు రోజులు బిగించాను. ఏమీ మారలేదు. అప్పుడు కట్టర్ తీసి పెన్సిల్ కట్టి, అట్టముక్క మీద అటూ ఇటూ తిప్పించాను. వదులే కారణమైతే పదిసార్లు తిప్పినా రెండు వందలసార్లు తిప్పినా తేడా అంతే ఉండాలి. ఇక్కడ తిప్పినకొద్దీ పెరుగుతోంది. అంటే ఎడమకు మళ్లిన ప్రతిసారీ ఒక అడుగు తప్పుతోంది.

ఈ మోటారు మన బావి మోటారులా గిరగిరా తిరగదక్కా. కంప్యూటర్ ఒకసారి తడితే ఒక అడుగు వేస్తుంది, అంతే. మధ్యలో డ్రైవర్ అని ఒక డబ్బా ఉంటుంది. దానికి రెండు తీగలు: ఒకటి ఎటు తిరగాలో చెప్పేది, ఒకటి అడుగు వెయ్యమనేది. కుడికి తిరగమంటే ఆ డబ్బా వెంటనే వింటుంది, ఎడమకు తిరగమంటే జర ఆలస్యంగా వింటుంది. ఈలోపు అడుగు వెయ్యమంటే పాత దారిలోనే వేసేస్తుంది. అచ్చం బావే. శైలజకు అట్లాగే చెప్పాను.

“అంటే మీ బావగారికి ముందు చెప్పి, కాస్త ఆగి, అప్పుడు నడవమనాలి. అంతేగా?”

“అంతే బిడ్డా. ఎంతసేపు ఆగాల్నో కంప్యూటర్ల రాసే గడి ఉంటది, సూడు.”

గడి దొరికింది. డ్రైవర్ డబ్బాతో వచ్చిన పుస్తకంలో అయిదు అని ఉంది. అయిదు కొట్టి నడిపించాను. పెన్సిల్ గీత మళ్లీ జరిగింది. శైలజ బయటికి వెళ్లి, మెషిన్ అమ్మినవాళ్లకు ఫోన్ కలిపింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కూర్చుని పుస్తకం మొదటి నుంచి చదివాను. అందులోని అయిదు మైక్రో సెకన్లు. కంప్యూటర్ అడిగేది నానో సెకన్లలో. మైక్రోలో వెయ్యో వంతు. పావుగంట ఆగమనాల్సినచోట నేను రెప్పపాటు ఆగమన్నానన్నమాట. అయిదు వేలు కొట్టాను. రెండు వందలసార్లు అటూ ఇటూ పోయి వచ్చి పెన్సిల్ మొదటి చుక్క మీదే నిలిచింది. శైలజను పిలిచి చూపించాను. ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం రెండో చెక్క బిగించాం.

“ఇది పోతే ఇంకోటి లేదు బాబాయ్.”

“ఎరికే. బటన్ వత్తు.”

సాయంత్రానికి తలుపు మెషిన్ మీంచి దిగింది. మఠంపల్లి ఆసామి తీగ పొడుగునా గోరు పెట్టి రాసి చూశాడు, ఎక్కడా తగల్లేదు. ఎవరు చెక్కారని అడిగితే శైలజ నన్ను చూపింది. నేను ఉలి ముట్టనేలేదని చెప్పాలనే అనుకున్నాను, నోరు రాలేదు. పూజగది తలుపులు కూడా మాకే ఇచ్చిపోయాడు. “షెడ్డులో ఎన్నాళ్లు పడుకుంటారు, రూము కిరాయికి చూసుకోండి,” అంది శైలజ. నిన్న చూసుకున్నాను. కిటికీ ఉంది, గాలి వస్తుంది.

బావకు నా దండాలు, కోడలికీ పిల్లలకూ దీవెనలు. నువ్వు చల్లగా ఉండి నన్ను దీవించు. నేను తిరిగొస్తే ఉండటానికని మీరు ఖాళీగా పెట్టిన ముందు గదిలో ఇక వడ్ల బస్తాలు వేసుకోండి.

నీ తమ్ముడు
యాదగిరి