మొదటి స్థానం బోర్డులో తీసేయమన్న గడి

జిల్లా విద్యాధికారి గారి సముఖమునకు,
తమ కార్యాలయపు ప్రహరీ గోడ మీద పదకొండేళ్లుగా అక్షరాలు రాస్తున్న పెయింటరు సమర్పించుకొను అర్జీ.

విషయం: ఏడో తరగతి ఉమ్మడి పరీక్షలో జిల్లాల వారీ ఫలితాల బోర్డును నేను పూర్తి చేయకపోవుట, అందుకు గల కారణములు, మరియు నా కూతురి పరీక్ష గురించి.

అయ్యా,

పై విషయమై తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. ఏ జిల్లా ఎన్నో స్థానంలో ఉందో తెలిపే బోర్డు ఏటా రాయు పని నాదే. అందులో ఐదు నిలువు గడులుంటాయి: జిల్లా, బడిలో చదువుతున్నవారు, పరీక్ష రాసినవారు, ఉత్తీర్ణులు, శాతం. పోయిన ఏడు మనది నాలుగో స్థానం. బోర్డు నెత్తిన ఆ నాలుగు అంకెను కొంచెం చిన్నగా రాయమని తమ గుమస్తా గారు చెబితే చిన్నగానే రాశాను.

2. ఈ ఏడు మనది మొదటి స్థానమని, తొంభై ఐదు శాతమని గుమస్తా గారు పొద్దున ఒక కాగితం ఇచ్చారు. అడుగు రంగు వేసి, గీతలు కొట్టి, అన్నానికి కూర్చోబోతుండగా పరుగున వచ్చి ఇంకో కాగితం ఇచ్చారు. అందులో రెండో గడి లేదు. "అదేంటి సార్, చదువుతున్నవాళ్లు ఏమయ్యారు?" అని అడిగాను. "నీకెందుకయ్యా, నాలుగు గడులైతే నీకే పని తగ్గుతుంది" అన్నారు. నా మీద ఆయనకు అంత దయ మునుపెన్నడూ లేదు. అనుమానం వచ్చి మొదటి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

3. సదరు మొదటి కాగితం ప్రకారం చదువుతున్నవారు 6,150. రాసినవారు 5,260. ఉత్తీర్ణులు 4,997. అనగా 890 మంది పిల్లలకు ఒకే రోజు పొద్దున జ్వరం వచ్చి, పరీక్ష ముగిసిన గంట కొట్టగానే దిగిపోయినది. పక్క జిల్లాలో ఆ రోజు రానివారు నలభై ముగ్గురు. జ్వరం కూడా జిల్లా సరిహద్దు చూసుకుని వచ్చునా అయ్యా?

4. ఆ 890 మందిలో నా కూతురు ఒకతె. దానికి జ్వరం లేదు. ఆ రోజు నా షాపులో కూర్చుని కుంచెలు కడిగింది. పరీక్షకు రెండు రోజుల ముందు వాళ్ల లెక్కల మాస్టారు నన్ను బడికి పిలిపించి, "అమ్మాయి బాగా నెమ్మది. రాస్తే ఫెయిలవుతుంది, బడి పేరు పోతుంది. జ్వరమని ఒక చీటీ ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. ఆయన కూడా తల వంచుకునే అన్నారు, పైనుంచి ఎవరో చెప్పి ఉంటారు. నేను చీటీ ఇచ్చాను. ఊరందరి బోర్డుల మీద తప్పులు దిద్దేవాణ్ణి, ఆ అబద్ధాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి కింద సంతకం పెట్టాను. ఇందులో నా తప్పు ఉన్నది. దాన్ని తమ మీదికి నెట్టను.

5. వారు చూసుకున్నది ఏమనగా, పరీక్ష రాయనివారు మళ్లీ ఏడో తరగతే చదవాలని బడి గేటుకు నోటీసు అంటించారు. అది చదివి ఇంటికొచ్చి నా కూతురు, "నాన్నా, రాసి ఫెయిలైతే సరే. రాయకుండా ఎలా ఫెయిలయ్యాను?" అని అడిగింది. దీనికి జవాబు తమ దగ్గర ఉంటే తెలుపగలరు. ఇక బడికే వెళ్లనంటోంది. దాని తల్లి ఏడుస్తోంది. నాకు ఏడుపు రావడం లేదు, ఒళ్లు మండుతోంది.

6. కావున బడులు తెరిచేలోగా ఆ 890 మందికీ పరీక్ష పెట్టవలెను. ఫెయిలయ్యేవాళ్లు ఫెయిలవుతారు. అందరూ ఫెయిలైనా మనకు ఎనభై మూడు శాతం వస్తుంది, ఐదో స్థానం. ఆ అయిదును ఎంత పెద్దగా కావాలంటే అంత పెద్దగా రాస్తాను.

7. అంతవరకు బోర్డు ఇప్పుడున్నట్లే ఉంటుంది. ఐదు గడులూ గీశాను. రెండో గడిలో 6,150 వేశాను. ఎనామిల్ రంగు, కిరోసిన్‌కు లొంగదు. శాతం గడి ఖాళీగా ఉంది. బుధవారం బోర్డు ప్రారంభానికి పెద్దలు వచ్చి ముసుగు తీసేనాటికి దాని మీద ఫ్లెక్సీ కప్పుకుంటామంటే కప్పుకోండి. గాలికి లేచినప్పుడల్లా కింద ఏముందో ఎదురుగా బస్సు కోసం నిలబడ్డవాళ్లు చదువుకుంటారు. ఈ గోడ మీద ఇకపై నాకు పని ఇవ్వకపోయినా సరే.

చిత్తగించవలెను. వీలు కాకపోతే గోడ వైపు చూడవలెను.

ఇట్లు,
తమ విధేయుడు (బోర్డు విషయంలో తప్ప),
బోర్డులు రాసే పెయింటరు

జతపరచినది: మొదటి కాగితం నకలు. అసలుది నా దగ్గరే ఉంది.

తా.క.: అర్జీ కవరులో పెట్టబోతుంటే నా కూతురు తీసుకుని చదివింది. "నాన్నా, ఆరో దాంట్లో లెక్క తప్పు" అంది. పోవే అన్నాను. షాపులో ఉన్న నల్లరంగు రేకు మీద సుద్దముక్కతో భాగహారం వేసింది. అరగంట పట్టింది. వేళ్ల మీద కూడా లెక్కపెట్టుకుంది. నేను తొందరపెట్టలేదు. ఎనభై మూడు కాదట, ఎనభై ఒకటట, ఇంకా కాస్త మిగులుతుందట. పక్క షాపులో కాలిక్యులేటరు అడిగి చూశాను, అదే వచ్చింది. అప్పుడు మనది ఐదో స్థానం కూడా కాదు, ఆరోది. పైన నేను వేసిన అంకెలు దిద్దకుండా అలాగే వదిలాను. దయచేసి తమ చేత్తో కొట్టివేసి 81 అని వేసుకోగలరు. ఎవరు దిద్దారని లెక్కల మాస్టారు అడిగితే, జ్వరం వచ్చిన పిల్ల అని చెప్పండి.