గుటక దిగితే ఎక్కిళ్ళు

ఆళ్ళగడ్డ,
శనివారం.

అమ్మకు ఎజ్రా వందనాలు.

ప్రభువు దయవల్ల నేను, సుజాత, పిల్లలు ఇక్కడ నిలకడగానే ఉన్నాం. సికింద్రాబాదులో నువ్వు, ఫెబా, పసిబిడ్డ క్షేమమని తలుస్తాను. ఇది చదివి బాలింతను వదిలి పరుగెత్తుకు రావద్దు. ముందే చెబుతున్నాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. రోజూ ఫోను చేసుకునేవాళ్ళమే అయినా ఉత్తరమెందుకు రాశావో తెలిసింది. అల్లుడు ఇంట్లో ఉండగా అడగలేని మాటలు అడిగావు. జవాబు రాయడం మొదలుపెట్టి మూడుసార్లు చించేశాను. ఈరోజు సెలవు పెట్టి కూర్చున్నాను. ఇంతలోనే రెండుసార్లు లేచి వాకిట్లో తిరిగొచ్చాను.

సంఘపెద్ద నతానియేలన్న నీకు ఫోను చేసి, "మీవాడు మూడు నెల్ల నుంచి బల్లలో చెయ్యి పెట్టడం ల్యా, ఏందో కనుక్కో" అన్నాడని రాశావు. నిజమే. నెలలో మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల రొట్టె, పాత్ర నా వరుస దగ్గరికి వచ్చేసరికి తల వంచుకుంటున్నాను. సుజాతతో గొడవ లేదు. తాగుడు లేదు. ఇంకొక ఆడమనిషి లేదు. ఇవన్నీ నువ్వు పైకి అనకుండా అడిగావు కాబట్టి తిన్నగా చెబుతున్నాను. నాకు ఎక్కిళ్ళు వస్తున్నాయమ్మా.

ఉగాది ముందు ఒకరోజు నంద్యాల బస్టాండులో ఉగ్గాని తిని, నీళ్ళు తాగి బస్సెక్కాను. టికెట్లు కొడుతుంటే మొదలైనవి శిరివెళ్ళ దాటినా ఆగలేదు. అప్పటినుంచి ఏం మింగినా అంతే. అన్నమైనా, టీ అయినా, గుక్కెడు నీళ్ళయినా. ఒక్కోసారి గంటసేపు. ఛాతీ పట్టేస్తుంది. "ఆళ్ళగడ్డ" అని అరవబోతే ఊరి పేరు సగంలో తెగిపోతుంది. బస్సులో తలా ఒక వైద్యం చెబుతారు. చక్కెర చప్పరించాను, నిమ్మచెక్క నాకాను, కళ్ళు తిరిగేదాకా ఊపిరి బిగబట్టాను. వెంకటమ్మ అని కూరగాయల గంపతో ఎక్కే ఆమె, బెదిరిస్తే పోతాయని వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచింది. నా చేతిలో చిల్లర చెల్లాచెదురైంది గానీ ఎక్కిళ్ళు పోలేదు.

డ్యూటీలో తినడం మానేశాను. నిశ్శబ్దంగా అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు పాత్రలో గుక్కెడు తాగి, ఎక్కిళ్ళతో గుడి అంతా అదరగొట్టలేక తల వంచుకున్నాను. నతానియేలన్నకు ఇదే చెప్పాను. ఆయన నమ్మలేదు.

డాక్టరు దగ్గరికి పోయావా అని అడిగావు. ఇక్కడి డాక్టరు మాత్రలిచ్చాడు. తగ్గకపోతే నంద్యాలలో గొంతులోకి గొట్టం వేయించి చూపించుకోమని చీటీ రాశాడు. ఆ చీటీని నెలరోజులు ఒక చొక్కా జేబులోనుంచి ఇంకో చొక్కా జేబులోకి మార్చాను. రోజూ నంద్యాల పోయేవాణ్ణి ఆసుపత్రికి మాత్రం పోలేదు. ఎందుకో నీకు తెలుసు. నాయన ఆఖరి పది రోజులు ఎలా ఎక్కిళ్ళతో గడిచాయో చూసింది మనమిద్దరమే.

పోయిన బుధవారం చొక్కా ఉతకబోయి సుజాత ఆ చీటీ చూసింది. పిల్లల్ని బడికి పంపి నాతోపాటు బస్సెక్కింది.

"చచ్చేదైనా బతికేదైనా నాకు చెప్పి చెయ్యి" అంది. నంద్యాలలో దిగి ఆసుపత్రిలో చీటీ తనే ఇచ్చింది.

గొట్టం వేశారు. రక్తం తీశారు. కిడ్నీలు బాగున్నాయి, నాయన జబ్బు కాదు. కడుపులోని పుల్లనీళ్ళు పైకి తన్ని అన్నం దిగే దారిలో పుండయిందట. బస్సు కదిలేలోపు ఐదు నిమిషాల్లో మింగే తిండి మానమంది డాక్టరమ్మ. కొంచెం కొంచెం, నిదానంగా తినాలి. కారం, సోడా వద్దు, తిన్నవెంటనే పడుకోవద్దు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. తన కంటికి చెడ్డదేమీ కనిపించలేదంది. మంగళవారం తెలుస్తుంది. మాత్రలతో ఎక్కిళ్ళు ఇప్పుడు పది నిమిషాలకు తగ్గాయి.

ఇక్కడితో సంతకం చేసి మడతపెట్టవచ్చు. అదే చేయబోయాను. కానీ నతానియేలన్నకు చెప్పింది సగమే నిజం. నీకూ సగమే పంపితే ఈ ఉత్తరం దేనికి?

పదహారేళ్ళ కిందట, కర్నూలు ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం నువ్వు గుడ్డలు ఉతకడానికి పోయావు. నాకు పంతొమ్మిదేళ్ళు. అన్ని రోజులూ నీళ్ళు కొలిచి ఇచ్చాం. ఆ పొద్దు నర్సు వచ్చి ఇక కొలతలు వద్దు, అడిగినప్పుడల్లా చెంచాతో పొయ్యమని చెప్పింది. నువ్వు పోయిన కాసేపటికి నాయన కళ్ళు తెరిచాడు.

"నీళ్ళు పొయ్యి, ఎజ్రా" అన్నాడు.

నేను చెంచా ఎత్తలేదమ్మా. అప్పుడే ఎక్కిళ్ళు ఆగాయి. గుటక దిగితే మళ్ళీ మొదలవుతాయి, మంచమంతా అదురుతుంది. ఆ చప్పుడు ఇక వినలేకపోయాను. ఒక్క గంట ఊరికే ఉంటే చాలనుకున్నాను. "డాక్టరు వద్దన్నాడు నాయనా" అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. గోడవైపు తిరిగాడు. నువ్వు తడిగుడ్డలతో వచ్చేసరికి అయిపోయింది.

నువ్వు మొదట అడిగింది, "నీళ్ళన్నా తాగినాడా?" అని.

తాగినాడన్నాను. నువ్వు ఆ మాట పట్టుకుని ఇన్నేళ్ళు నిలబడ్డావు. వచ్చినవాళ్ళందరికీ చెప్పావు. ప్రతిసారీ నేను పక్కనే ఉన్నాను. మొన్న ఉగాది ముందు నా గొంతులో అదే చప్పుడు మొదలైనప్పటినుంచి, నిండు పాత్ర నా ముందుకొస్తే చెయ్యి లేవడం లేదు. ఎక్కిళ్ళు నాకొక సాకుగా దొరికాయి, అంతే.

నిన్న సుజాతకు చెప్పాను. అంతా విని, "అత్తకు నువ్వే చెప్పాల. నేను చెప్పను, దాచను" అని లేచిపోయింది.

మంగళవారం రిపోర్టు చూసుకుని ఫోను చేస్తాను. నాతో మాట్లాడబుద్ధి కాకపోతే ఫెబాకు ఇవ్వు, దానికి చెబుతాను. క్షమించమని ఇప్పుడే అడగను. ఒకటి మాత్రం అడుగుతాను. కొడుకు చేతి నీళ్ళు తాగి పోయాడని ఇక ఎవరికీ చెప్పకు. నాయన దాహంతో పోయాడమ్మా.

ఇట్లు,
నీ కొడుకు
ఎజ్రా