ఆరు గంటల పిలుపు

సోమవారం, మూడో తేదీ

ప్రియమైన నాన్నకి,

ఈ ఉత్తరం ఇవాళే ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెప్పేస్తాను. కొత్త రేడియో సెట్టు మీద మొదటి తేదీ నుంచి ఈ ఉదయం దాకా నిన్ను ఐదుసార్లు పిలిచాం. నీ దగ్గర్నుంచి ఒక్కసారి కూడా జవాబు రాలేదు. ‘కొండమీది ట్యాంకు’ అన్న వరుసలో ఐదు గళ్లలోనూ ‘స్పందన లేదు’ అని రాసింది నేనే. ఇరవై ఒకటో తేదీన ఆ పట్టిక మీద సంతకం పెట్టి పైకి పంపాల్సిందీ నేనే.

నీ దగ్గర ఫోను పనిచెయ్యదు. రేడియోలో అడుగుదామంటే నగరంలోని ప్రతి చెత్త లారీ, ప్రతి అగ్నిమాపక బండీ మన ఇంటి సంగతి వింటుంది. నీ బదులు డ్యూటీకి వచ్చే మనిషి కాలు విరగ్గొట్టుకోకుండా ఉంటే ఈపాటికి సెలవు మీద వచ్చి నా ఎదురుగా కూర్చునేవాడివి. అందుకే దీన్ని గురువారం నీకు బ్లీచింగ్ పౌడరు బస్తాలు తెచ్చే వ్యాను డ్రైవరన్న చేతికి ఇస్తున్నాను.

కొత్త పద్ధతి గురించి నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. ఇప్పటిదాకా రేడియోలో మాట్లాడే దారి అన్ని విభాగాలకీ కలిపి ఒకే కుళాయి అనుకో. ఒకరు బిందె పెడితే మిగతావాళ్లు నిలబడాల్సిందే. కొత్తదాంట్లో చాలా కుళాయిలు ఉంటాయి. నువ్వు మీట నొక్కగానే ఏది ఖాళీగా ఉందో కంప్యూటరు చూసి నీకు ఇస్తుంది. ఈ నెలాఖరున పాత కుళాయి కట్టేస్తారు. అప్పటిదాకా రెండూ నడుస్తాయి. అందుకే పొద్దున ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ పాత సెట్టులో పిలిచినట్టే కొత్తదాంట్లోనూ పిలిచి చూస్తున్నాం.

నువ్వొక్కడివే కాదు. నీళ్ల విభాగంలో పద్నాలుగు స్టేషన్లుంటే పదకొండు పలకడం లేదు. పలకని చోట మనిషిని తీసేసి మీటరు బిగిస్తారట. అక్కడి మనుషుల్ని నగరంలోకి తెచ్చి ఫిర్యాదుల గదిలో వేస్తారట. పొద్దస్తమానం ఫోనెత్తి జనానికి సమాధానం చెప్పే పని. ఇంతకన్నా నేను రాయక్కర్లేదు కదా.

కొత్త సెట్టు అందిందా? దాని మీద పచ్చ దీపం వెలుగుతోందా? పిలుపు వినిపిస్తోందా?

అమ్మ మోకాళ్లు ఫరవాలేదు. సంగతి చెబితే, “రేడియోకి పలక్కపోతే పోనీ, నాతో మాత్రం ముప్పై ఏళ్లలో ఏం పలికాడని!” అంది. అది కూడా రాయమంది, రాశాను.

నీ కూతురు

*

గురువారం, ఆరో తేదీ

ప్రియమైన ఇంజనీరమ్మకి,

డ్రైవరు బస్తాలు దించుతున్నాడు. పన్నెండు బస్తాలు. ఆఖరిది దిగేలోపు ఇది ముగించాలి.

సెట్టు అందింది. పచ్చ దీపం వెలుగుతోంది. పిలుపు ఎంత బాగా వినిపిస్తోందంటే పాతదాంట్లోలా గరగర లేదు, ఎవరో గదిలో కూర్చుని మాట్లాడినట్టుంది. మంగళవారం పొద్దున పిలిచింది నువ్వే కదూ? ‘కొండమీది ట్యాంకు’ అనే ముందు ఓసారి గొంతు సవరించుకున్నావు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పేముందు అట్లాగే చేసేదానివి. ఆ పూట గేటు చక్రం తిప్పుతున్నా అదే గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నేను జవాబిచ్చానమ్మా. పిలిచిన ప్రతిసారీ ఇచ్చాను. నిద్రపోలేదు. మర్చిపోలేదు. మీ కంప్యూటరుకి వినిపించలేదంటే చెవులు దానివి కడగాలి.

మీటరు పెడతారన్నావు. పెట్టనీ. అది నీళ్ల ఎత్తు చెబుతుంది. గేటు తిప్పదు. పోయిన వానాకాలం ట్యాంకు పొర్లబోయినప్పుడు ఇద్దరి బలం కావాల్సిన చక్రాన్ని ఒక్కణ్ణే తిప్పాను. కిందనున్న ఇళ్లవాళ్లకి ఆ సంగతే తెలియదు. తెలియకపోవడమే మంచిది.

నువ్వు మూడో తరగతిలో ఉండగా నా చేతికిచ్చిన పలక మీద నేర్చుకున్న అక్షరాలు ఇవి. తప్పులుంటే దిద్దుకో. నాకు ఉత్తరం రాయడమంటే ఇష్టం. కాగితం మీద నత్తి రాదు.

మీ అమ్మతో చెప్పు, ముప్పై ఏళ్లూ ఆవిడే మాట్లాడుతుంటే నాకు సందేదీ అని.

పదకొండో బస్తా దిగింది.

మీ నాన్న

*

బుధవారం, పన్నెండో తేదీ

ప్రియమైన నాన్నకి,

నువ్వు జవాబిచ్చానన్నావు కాబట్టి తప్పు గాలిలో ఉందనుకున్నాను. కొండ అడ్డొచ్చి సిగ్నలు తెగుతోందేమోనని కొలిచే పరికరం పట్టుకుని నిన్న బయలుదేరాం. చీఫ్ ఇంజనీరు గారు కూడా వచ్చారు. కింది గేటు దాకా వచ్చి ఆరుచోట్ల కొలిచాం. ఎక్కడా లోటు లేదు నాన్నా. ఆఫీసు మేడ మీద ఎంత ఉందో నీ కొండ దగ్గరా అంతే ఉంది.

ఆ అంకెలు చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. తప్పు గాలిది కాకపోతే ఇక మిగిలింది మనిషే. వ్యానులో తిరిగొస్తుంటే సారు అదే అన్నారు.

“పాత సెట్టు రిజిస్టరులో చూడమ్మా, ఈ పదకొండు మందికీ రెండు పూటలా టిక్కులున్నాయి. పాతదానికి పలుకుతారు, కొత్తదానికి పలకరు. దీన్నేమంటారు?”

“అలవాటు పడలేదేమో సార్.”

“మొండితనం అంటారు. మా మావగారు కూడా ఇంతే. కొత్త కళ్లద్దాలు పెట్టెలో దాచి, విరిగిన జోడుకి దారం కట్టుకుని తిరుగుతాడు.”

ఆ పట్టికలో ఒక వరుస మా నాన్నదని ఆయనకి ఇంతవరకు చెప్పలేదు. చెబితే నీ కోసం గళ్లు దిద్దానంటారేమోనని భయం.

గేటు దగ్గర్నుంచి చూస్తే పైన నీ గది కనిపించింది. తీగ మీద ఏదో ఆరేసి ఉన్నట్టుంది. పైకి వద్దామంటే సారు టైము చూసుకుంటున్నారు. రాలేకపోయాను.

ఒక్కటే అడుగుతాను, కోప్పడకు. రేపటి నుంచి పిలిచినప్పుడు ఒక్క మాట అను. ఒకే ఒక్క మాట. ‘ఆఁ’ అన్నా చాలు. నీకు ఎంత కష్టమో తెలిసే అడుగుతున్నాను.

నీ కూతురు

*

గురువారం, పదమూడో తేదీ

ప్రియమైన ఇంజనీరమ్మకి,

మీ వ్యాను వచ్చి ఆగడం చూశాను. నీలం గొడుగు కింద ఉన్నది నువ్వే. ట్యాంకు మీద కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తువ్వాలు ఊపాను. దూరం కదా, కనిపించి ఉండదు.

ఒక్క మాట అనమన్నావు. ఉత్తరం రాకముందే ఇవాళ పొద్దున నాకే అనిపించి ప్రయత్నం చేశాను. నోరు తెరిచాను, మీట మీద వేలు పెట్టాను. మాట రాలేదు. ఆ సెట్టుకి అవతల పదిమంది కూర్చుని ఉంటారని తెలిసిన తర్వాత ‘ఆఁ’ అనేది కూడా నాకు కొండంత మాట. వదిలేసి ఎప్పట్లాగే రెండుసార్లు టక్ టక్ మని నొక్కాను. ఇరవై ఆరేళ్లుగా నేనిచ్చిన జవాబు అదే. మాలో చాలామంది ఇచ్చేదీ అదే. అది చాలదంటే నా దగ్గర ఇంకేమీ లేదు.

పట్టికలో ఏది నిజమైతే అది రాయి. నా కోసం ఒక్క గడి కూడా దిద్దొద్దు. మన ఇంట్లో మొట్టమొదట బడి మెట్లెక్కినదానివి. నిన్ను చదివించింది దొంగ లెక్క రాయడానికి కాదు. ఫిర్యాదుల గదిలో వేస్తే వెళతాను. జనం నవ్వితే నవ్వుతారు. ఒకప్పుడు నవ్వినవాళ్లే కదా.

రెండో నంబరు పంపుకి నేను ముసలాడని పేరు పెట్టాను. దాని దగ్గు వింటే లోపల ఏం అరిగిందో చెప్పగలను. నా తర్వాత వచ్చే మీటరుకి ఆ సంగతి ఎలా చెప్పాలో తెలియడం లేదు.

డ్రైవరు హారన్ కొడుతున్నాడు.

మీ నాన్న

*

సోమవారం, పదిహేడో తేదీ

ప్రియమైన నాన్నకి,

నీ ఉత్తరం శుక్రవారం మధ్యాహ్నం భోజనాల వేళ చదివాను. ‘రెండుసార్లు టక్ టక్ మని నొక్కాను’ అన్న చోట ఆగిపోయాను. డబ్బా మూత కూడా పెట్టకుండా పాత కంట్రోల్ రూముకి పరుగెత్తాను. అక్కడ ముప్పై ఏళ్లుగా మైకు ముందు కూర్చున్న పెద్దక్కని అడిగాను, రెండుసార్లు నొక్కడమంటే ఏమిటని.

“ఏమిటేమిటే? ‘విన్నాను, ఇక్కడంతా బాగుంది’ అని. నీళ్లవాళ్లు చాలామంది అంతేగా!”

“ఏ పుస్తకంలో ఉందక్కా?”

“పుస్తకమా? నేను పెట్టిందే. కొండ ట్యాంకాయన కోసం.”

నేనెవరి కూతుర్నో ఆవిడకి తెలియదు. అందుకే దాచకుండా చెప్పింది. ఇరవై ఆరేళ్ల క్రితం నువ్వు మొదటిసారి మీట నొక్కి ‘ట్యా... ట్యా...’ అంటూ ఆగిపోయావట. చెత్త లారీలవాడెవడో అదే మాట వెక్కిరిస్తే ఊళ్లో బళ్లన్నీ కలిసి నవ్వాయట. “నాకు ఒళ్లు మండింది,” అంది పెద్దక్క. “మైకందుకుని, ‘నవ్వినవాళ్ల బండి నంబర్లు రాసుకున్నాను, నోళ్లు ముయ్యండి’ అన్నాను. రాసుకోలేదనుకో. తర్వాత ఆయనతో చెప్పాను, ‘ట్యాంకు అన్నా, నువ్వు మాట్లాడక్కర్లేదు, రెండుసార్లు టక్ టక్ మను, నాకు అర్థమవుతుంది’ అని. వారం తిరిగేసరికి మిగతా స్టేషన్లవాళ్లూ మొదలెట్టారు. బాగుంది కదా, టైము కలిసొచ్చిందని నేనూ ఊరుకున్నాను. మీ ఇంజనీర్లు వచ్చి అన్నీ రాసుకుపోయారుగా, ఇది అడగలేదేం?”

అడగలేదు నాన్నా. అందరికీ తెలిసిందే కదా అని ఎవరూ చెప్పలేదు. పంపు గదిలోకి పిల్లలు రాకూడదని నన్నెప్పుడూ గడప బయటే నిలబెట్టేవాడివి. ఆ తర్వాత హాస్టళ్లలో పెరిగాను. నీ నోటి సంగతి తెలుసు, నీ వేలి సంగతి తెలియదు.

ఇక కొత్త సెట్టు సంగతి. పాతదాంట్లో మీట తాకగానే అందరి స్పీకర్లలో ‘టక్’ మంటుంది. కొత్తది అలా కాదు. నువ్వు నొక్కాక అది కంప్యూటరుని ఖాళీ కుళాయి అడగాలి, దొరికాక చిన్న కూత వేస్తుంది, అప్పుడే దారి తెరుచుకుంటుంది. అర సెకను పడుతుంది. నీ టక్ టక్ ఆ కూత రాకముందే అయిపోతోంది.

కానీ అడిగినట్టు మాత్రం కంప్యూటరు రాసుకుంటుంది. లాగ్ తీసి చూశాను. నీ సెట్టు నంబరు ఎదురుగా ‘కోరిక రద్దు’ అని రెండు వరుసలు. మొదటి తేదీ పొద్దున ఆరు దాటి ఒక నిమిషానికి రెండు. సాయంత్రం రెండు. మర్నాడు రెండు, రెండు. శుక్రవారం పొద్దుటికి ఇరవై ఏడు పిలుపులు, యాభై నాలుగు వరుసలు. ఒక్కటి తగ్గలేదు. మిగతా పది స్టేషన్లూ అంతే. ఆ కాగితాలు మొదటి రోజు నుంచీ నా సొరుగులోనే చేరుతున్నాయి. మాట వచ్చిందా లేదా అన్న పేజీ ఒక్కటే చూసి, తక్కిన పేజీలు తిప్పకుండా నీకు ‘స్పందన లేదు’ అని రాశాను.

ఇంకొక సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. ఆ రోజు నువ్వు ఊపిన తువ్వాలు నేను చూశాను నాన్నా. తీగ మీద ఏదో ఆరేసి ఉందని రాసింది అబద్ధం. సారు కూడా చూసి, “ఎవరమ్మా ఆయన, మనకేనా ఊపుతున్నది?” అన్నారు. నేను “తెలియదు సార్” అన్నాను. గొడుగు కాస్త కిందికి దించుకుని వ్యానెక్కాను. దొంగ లెక్క రాయొద్దని నువ్వు రాసిన మాట చదువుతుంటే, అప్పటికే ఒకటి నా నోటితో చెప్పేశాను కదా అనిపించింది.

ఇవాళ పొద్దున సారు దగ్గరికి లాగ్ కాగితాలు పట్టుకెళ్లాను.

“పదకొండు స్టేషన్లూ పలికాయి సార్. చూడాల్సిన చోట నేను చూడలేదు. తప్పు నాది.”

ఆయన యాభై నాలుగు వరుసల మీదా వేలు పెట్టుకుంటూ కిందిదాకా వచ్చారు.

“ఇంత గడియారంలా నొక్కిన ఈయనెవరు?”

“మా నాన్న సార్.”

కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. “ఆ రోజు తువ్వాలు ఊపిన ఆయనేనా?”

“అవును సార్.”

“తెలియదన్నావే!”

“అన్నాను సార్. మా నాన్న అని తెలిస్తే నా పట్టిక నమ్మరేమోనని భయపడ్డాను.”

“మరి ఇప్పుడు నమ్మమంటావా?”

“నన్ను నమ్మక్కర్లేదు సార్. లాగ్‌ని నమ్మండి.”

ఆయన మళ్లీ కళ్లద్దాలు పెట్టుకున్నారు. తర్వాత నా పట్టిక నాకే తోసి, “కొట్టేసి మళ్లీ రాయి,” అన్నారు. నేను తలుపు దాకా వెళ్లాక, “ఈసారి అక్కడికి వెళితే పై దాకా వెళదాం,” అన్నారు.

మనుషుల్ని తీసే మాట ఇక లేదు నాన్నా. నువ్వు నీ ముసలాడి దగ్గరే ఉంటావు. కానీ నెలాఖరున పాత సెట్టు ఆగిపోతుంది, టక్ టక్ కూడా దానితోనే పోతుంది. దానికి బదులు ఒకటి దొరికింది. కొత్త సెట్టు పక్కన నారింజరంగు మీట ఉంది చూడు, దానికి మేమింకా ఏ పనీ పెట్టలేదు. అది నొక్కితే మాట అక్కర్లేకుండా కంట్రోల్ రూము తెర మీద నీ స్టేషను పేరూ, దాని పక్కన మనం ముందే రాసిపెట్టిన వాక్యమూ పడేలా చెయ్యొచ్చు. అలాంటివి మూడు పెట్టుకోవచ్చు. ఒకసారి నొక్కితే ఒకటి, రెండుసార్లు నొక్కితే ఇంకొకటి, కాసేపు పట్టుకుంటే మూడోది. పద్నాలుగు స్టేషన్లకీ అవే ఉంటాయి. రెండుసార్లు నొక్కేదానికి ‘విన్నాను, ఇక్కడంతా బాగుంది’ అని పెద్దక్క మాటే పెట్టాను. అది చదివి ఆవిడ, “ఇరవై ఆరేళ్లకి నా మాట పుస్తకంలోకెక్కిందే!” అని ముక్కు చీదుకుంది.

మిగిలిన రెండు వాక్యాలు నువ్వు రాయాలి. గేటు గురించో, పొర్లే నీళ్ల గురించో, ఆపద వేళ నువ్వు నోరు తెరవకుండానే అందరికీ తెలియాల్సింది ఏదైనా. ఒక్కొక్కటీ ఐదు మాటలు దాటకూడదు, తెర అంతే పడుతుంది. నాకు తోచింది రాసేద్దామని కలం పట్టుకున్నాను గానీ, నీ బదులు నేను మాట్లాడి ఇప్పటికే ఒకసారి తప్పు రాశాను.

ఈ వారమంతా పాత సెట్టు మీద ఆరు గంటల పిలుపు నేనే చేస్తానని పెద్దక్కని అడిగి ఒప్పించాను. గొంతు సవరించుకోవడం విని నేనేనని గుర్తుపట్టు. ఎప్పట్లాగే నొక్కు. వింటాను.

శుక్రవారం ఇరవై ఒకటిన పట్టిక పైకి వెళుతుంది. అందుకని గురువారం ఇరవయ్యో తేదీన, డ్రైవరన్న పన్నెండో బస్తా దించేలోపు, ఆ రెండు వాక్యాలూ రాసి అతని చేతికియ్యి.

నీ జవాబు కోసం చూసే
నీ కూతురు