శంఖం ఊదారు సరే, చేపలేవీ?

ఆన్స్ మోరెల్ రేవు
మే 6

కాస్ట్రీస్ పట్నం రేవులో తెల్లకొంగ పడవల ఆఫీసు నడిపే పెద్దమనిషికి,

ముందుగా శుభోదయం. మీ పడవ దిగే మనుషులు ఈ మాట ఎవరికీ చెప్పరు కాబట్టి, నేనే చెప్పి మొదలుపెడుతున్నాను.

నా పేరు జెర్మెన్ హిప్పొలైట్. వయసు డెబ్బై ఎనిమిది. చదువు లేదు, నోరుంది. చెప్పేది నేను, రాసేది మా ఊరి క్లోటిల్డ్ టీచరు.

రెండు దోనెలు జోడించినట్టుండే మీ రెండు కాళ్ల పడవ రోజూ పదకొండింటికి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన మా కొండ కొన తిరిగి వస్తుంది. తిరిగేటప్పుడు దాని మీద ఎవడో శంఖం ఊదుతాడు. మూడుసార్లు, పొడుగ్గా. ఆ ఊదడానికి ఈ తీరంలో ఒకటే అర్థం: చేపలు పడ్డాయి, గిన్నెలు పట్టుకు రండి. మా అమ్మమ్మ నాటి నుంచీ అంతే. మేము పొయ్యి మీది అరటికాయలు దించేసి, బేసిన్లు పట్టుకుని ఇసుకలోకి పరుగెత్తుతాం. తీరా చూస్తే మీ పడవలోంచి దిగేది చేపలు కావు, మనుషులు. ఉడికిన రొయ్యల రంగులో ఉంటారు.

మొన్న ఒకాయన ఎండకు పూసుకునే నూనె సీసా నా బేసిన్లో పెట్టి ఈతకు పోయాడు. తిరిగొచ్చి తీసుకున్నాడు. నిన్న ఒకావిడ ఖాళీ బేసిన్ను ఫొటో తీసింది. అందులో ఆవిడకు ఏం కనిపించిందోనని నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

అసలు సంగతి ఇది. ఈ రేవులో ఇంకా వల వేసేది నా కొడుకు ఒక్కడే. తెల్లారకముందే పడవ తోసుకుని పోతాడు. సాయంత్రం ఉత్త చేతులతో వస్తాడు. "చేపలేవిరా?" అంటే "పట్నంలో అమ్మేశానమ్మా" అంటాడు. ఎందుకు అమ్మడు? అబద్ధపు శంఖం మోగే రేవులో నిజం శంఖం ఏ మొహం పెట్టుకుని ఊదుతాడు? ఇలాగే సాగితే వాడు పడవ అమ్మేసి, ఏ హోటల్లోనో గ్లాసులు మోస్తాడు. పరాయివాళ్లకు గ్లాసులు మోసే కొడుకు నా గడప తొక్కక్కర్లేదని వాడికి ఎప్పుడో చెప్పాను. అన్న మాట తప్పే అలవాటు నాకు లేదు.

కాబట్టి ఊదడం ఆపండి. ఊదేది ఎవడో, ఎందుకు ఊదుతున్నాడో కూడా రాయండి. ఆపినా సరే, అది నాకు తెలియాలి.

ఇట్లు,
జెర్మెన్ హిప్పొలైట్ (పెన్నుతో గీసిన శిలువ గుర్తు)

తా.క. "ఎవడు" అన్నచోట "ఏ పెద్దమనిషి" అని రాస్తానని టీచరు అంది. వద్దన్నాను.


కాస్ట్రీస్
మే 15

గౌరవనీయులైన హిప్పొలైట్ గారికి,

మీ ఆప్యాయమైన ఉత్తరం అందింది. ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను.

మీరంతా రోజూ గిన్నెలు పట్టుకుని పరుగు పరుగున ఎదురొచ్చి మా అతిథులకు స్వాగతం పలకడం మా విహారంలోకెల్లా అందమైన ఘట్టం. ఇందుకు మీకు ఇంతవరకు కృతజ్ఞతలు చెప్పుకోకపోవడం మా తప్పే. కొత్త ప్రచార పత్రం మీద మీ ఫొటో వేస్తున్నాం. నీలం బేసిన్ పట్టుకుని ముందు వరసలో, కోపంగా ఉన్నట్టు నటిస్తున్నది మీరే అనుకుంటాను.

ఇక శంఖం. మా సిబ్బందిలో ఒకరు తనంతట తానే మొదలుపెట్టారు. అతిథులకు నచ్చింది, కార్యక్రమంలో చేర్చాం. దాని శబ్దం మీకు నచ్చలేదని అర్థమైంది. శంఖాల విషయంలో మీకు మంచి అభిరుచి ఉన్నట్టుంది. అందుకే మా దుకాణంలోని మేలు రకం శంఖం ఒకటి మీకు కానుకగా పంపుతున్నాను.

విధేయుడు,
లిండెల్ చార్లెరీ, మేనేజరు

తా.క. దానికి బల్బు విడిగా కొనుక్కోవాలి.


ఆన్స్ మోరెల్
మే 22

చార్లెరీ అబ్బాయికి,

శుభోదయం. నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావో లేదో నీ ఉత్తరం చూశాక అనుమానంగా ఉంది.

సముద్రం ఒడ్డున పుట్టి సముద్రం ఒడ్డునే ముసలిదాన్నయిన నాకు శంఖం పంపావు. దానికి వార్నిషు పూశారు. కడుపులోంచి కరెంటు తీగ వేలాడుతోంది. మేము చేప అడిగితే మీరు దీపం పంపారు. దాన్ని మా కోళ్ల గూటి మీద పెట్టాను. కోళ్లు రెండు రోజులు గుడ్లు పెట్టలేదు.

స్వాగతం ఎవరు పలికారు? నేను నటించడం లేదు నాయనా, ఆ కోపం నాదే.

మళ్లీ చెబుతున్నాను. శంఖం అంటే మాట ఇవ్వడం. ఊదినవాడు ఒడ్డుకు చేప తేవాలి. ఇంకో వింత చెబుతాను, నీకేమైనా అర్థమవుతుందేమో చూడు. మీ పడవలో చేపలుండవని ఊరందరికీ తెలుసు. అయినా శంఖం మోగగానే ఒక్కరూ ఆగరు, అందరూ బేసిన్లు తీసుకుని పరుగే. "ఎందుకే పిచ్చిదానా?" అని పక్కింటిదాన్ని అడిగితే, "ఏమో, ఇవాళ ఉంటాయేమోనని" అంటుంది. రెండు నెలలుగా అదే జవాబు.

పనిలో పనిగా మరికొన్ని అడుగుతున్నాను. మీ పడవ ముందు కట్టిన వల మీద మనుషులు ఆరేసిన దుప్పట్లలా బోర్లా పడుకుని కిందికి చూస్తారు. ఏం కనిపిస్తుంది? దిగాక, పొయ్యి వెలుగుతున్న ఇరవై ఇళ్లు దాటుకుంటూ పోయి, పెట్టెలో తెచ్చుకున్న అన్నం రాళ్ల మీద కూర్చుని తింటారు. ఏ గడపా తొక్కరు. మా ఊళ్లో ఎవరైనా తిట్టారా వాళ్లను?

ఇట్లు,
జెర్మెన్ హిప్పొలైట్ (శిలువ గుర్తు)

తా.క. ఈ ముక్క క్లోటిల్డ్ అనే నేను సొంతంగా రాస్తున్నాను. జెర్మెన్ జన్మలో ఏ పడవా ఎక్కలేదు. ఆడమనిషి పడవలో కాలు పెడితే చేపలు అలుగుతాయంటారు ఇక్కడ. రోజూ పదకొండింటికి నీళ్లలో మోకాళ్లదాకా నిలబడి, "అక్కడి నుంచి మనం ఎలా కనిపిస్తామో" అని నన్ను అడుగుతుంది. నేనేం చెప్పను? మీ దగ్గర ఒక సీటు ఖాళీగా ఉంటే ఈ ఉత్తరాలన్నీ ఆగిపోతాయని నా మనవి. ఇది ఆమెకు చదివి వినిపించలేదు.


కాస్ట్రీస్
జూన్ 2

గౌరవనీయులైన హిప్పొలైట్ గారికి,

ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. ఇంత శ్రమకు తగిన గుర్తింపు లేదన్నదే మీ బాధ. న్యాయమైన బాధ.

నేటి నుంచి మీ బృందం మా అధికారిక స్వాగత బృందం. చిన్న చిన్న సూచనలు: అందరూ గళ్ల చీటీ గుడ్డ పావడాలు కడితే బాగుంటుంది. ప్లాస్టిక్ బేసిన్లకు బదులు సొరబుర్రలైతే ఫొటోలో నిండుగా ఉంటాయి. పరుగు మరీ వేగంగా ఉందని ఇద్దరు అతిథులు భయపడ్డారు, కొంచెం నెమ్మది.

బృంద నాయకురాలిగా మీకు ఒక పూర్తి రోజు విహారం ఉచితం. టికెట్టు జతపరిచాను. జూన్ 14, ఉదయం ఎనిమిదింటికి కాస్ట్రీస్ రేవులో ఎక్కాలి. మిమ్మల్ని అందమైన, ఏకాంతమైన ఒక సముద్రతీరానికి తీసుకువెళతాం.

విధేయుడు,
లిండెల్ చార్లెరీ

తా.క. ఆ తీరం మీదే.


ఆన్స్ మోరెల్
జూన్ 8

చార్లెరీ అబ్బాయికి,

శుభోదయం. నేను కులాసా. నీ కులాసా నీ చేతుల్లో ఉంది.

సొరబుర్ర పట్టను. నా బేసిన్ నీలంగా ఉంటుంది, ఎందుకంటే అది నీలం బేసిన్. పావడా సంగతి నేను టీచరుకు ఒక మాటలో చెప్పాను. ఆ మాట రాయనంది. ఖాళీ వదిలింది: .................. నువ్వే నింపుకో.

టికెట్టు చూశాను. ఇంటి దగ్గర నాలుగింటికి లేచి, కొండ మలుపుల్లో రెండు గంటలు బస్సులో కడుపు తిప్పుకుంటూ మీ రేవుకు వస్తే, మీరు నన్ను పడవలో నా ఇంటికే తెచ్చి దించుతారు. నాలుగు గంటలు చూపించి, మళ్లీ పట్నం తీసుకుపోయి వదిలేస్తారు. అక్కడి నుంచి మళ్లీ బస్సు. ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో వాళ్ల తల్లికి నా సానుభూతి.

వస్తున్నాను. షికారుకు కాదు. ఆ శంఖం ఊదేవాడి మొహం దగ్గరగా చూసి, నాలుగు అడగడానికి. నా కొడుకు పొట్ట కొట్టినవాడు ఎలా ఉంటాడో చూడాలి. వాడికి ఆ రోజు సెలవు ఇవ్వకు.

ఇట్లు,
జెర్మెన్ హిప్పొలైట్ (శిలువ గుర్తు)

తా.క. పడవలో మరుగుదొడ్డి ఉందా? ఉంటే అది ఎక్కడికి పోతుంది? మా రేవులోకైతే ఇంకో ఉత్తరం వస్తుంది.

తా.క. మళ్లీ. నేను షికారుకు కాదన్నాను కదా, చర్చి టోపీ మూడు రోజులుగా దులుపుతున్నానని టీచరు రాయాలని చూస్తోంది. అది నిజం కాదు. రెండు రోజులే.


కాస్ట్రీస్
జూన్ 16

గౌరవనీయులైన హిప్పొలైట్ గారికి,

దయచేసి ఏం జరిగిందో చెప్పండి.

నాకు తెలిసింది ఇంతే. పడవ ఇరవై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. నలభై ఆరుగురి భోజనానికి వండిన చేపలు నలభై ఆరుగురిలో ఒక్కరికీ అందలేదు. అతిథులు తీరం మీద కనిపించలేదు, ఊళ్లో ఇళ్లల్లో దొరికారు. ఇద్దరిని నిద్ర లేపి తేవాల్సి వచ్చింది. కెప్టెన్ రాసిచ్చిన నివేదిక మొత్తం ఒక్క ముక్క: "ఆ పెద్దావిడను అడగండి." శంఖం ఊదే మనిషిని పిలిచి అడిగితే నేల చూసి, "అది ఇంటి సంగతి సార్" అన్నాడు. నా పడవ ఇంటి సంగతి ఎప్పుడైంది?

అతిథులు ఫిర్యాదు చేస్తే నేనేం చేయాలో నాకు తెలుసు. వీళ్లంతా మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారు. ఇప్పుడు ఏం చేయాలో తెలియడం లేదు.

విధేయుడు,
లిండెల్ చార్లెరీ

తా.క. మరుగుదొడ్డికి తొట్టి ఉంది. దాన్ని తిరిగి కాస్ట్రీస్ చేరాకే ఖాళీ చేస్తాం. స్వయంగా కనుక్కున్నాను.


ఆన్స్ మోరెల్
జూన్ 21

లిండెల్ నాయనా,

శుభోదయం. ఈసారి నిజంగానే అంటున్నాను.

మీ పడవ ఎక్కగానే చెప్పులు విప్పి బుట్టలో వేయమన్నారు. మా చర్చిలో కూడా ఇంత భక్తి అడగరు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి శుభోదయం చెప్పాను. తిరిగి చెప్పేదాకా కదల్లేదు. ఇరవై నిమిషాలు అక్కడే పోయాయి.

ఆ వల మీద నేనూ బోర్లా పడుకున్నాను. టోపీ గాలికి కదలదని టీచరుకు చెప్పాను కానీ, అంత గట్టిగా నిలవలేదు. కింద నీళ్లు పరుగెడుతుంటే, చేపలు మనల్ని చూసి కూడా పట్టించుకోకుండా పోతుంటే, ఇదన్నమాట వీళ్లు చూసేది అనుకున్నాను. అప్పుడు నా పక్కన ఒక పళ్లెం వంగింది.

"చింతపండు రసమా, రమ్మా, మేడమ్?"

ఆ గొంతు నేను కన్న గొంతు. తల ఎత్తాను. తెల్ల చొక్కా, జేబు మీద మీ కొంగ బొమ్మ, చేతిలో గ్లాసులు. నా కొడుకు అల్సీడ్.

పళ్లెంలో ఒక్క గ్లాసూ ఒరగలేదు. పని బాగానే నేర్చుకున్నాడు.

"ఎప్పటి నుంచిరా?"

"ఈస్టర్ ముందు నుంచమ్మా. ఇంజను పోయింది. చేపలూ దూరం పోయాయి."

"మరి రోజూ పొద్దున తోసుకుపోయే పడవ?"

"పక్క తీరం వంపులో కట్టేసి తొలి బస్సెక్కుతున్నా."

"శంఖం ఊదే మొనగాడు ఎవడు?"

వాడు గ్లాసులు లెక్కపెట్టుకుంటున్నట్టు చూశాడు. "నేనే."

"చేపల్లేకుండా ఎందుకురా ఊదడం? నీకు నేను నేర్పింది ఇదేనా?"

"ఇన్నేళ్లూ నేను ఊదిన వేళకు, పదకొండింటికి, శంఖం వినపడకపోతే నువ్వు నీళ్ల దగ్గరికొచ్చి నిలబడతావు కదమ్మా. నాన్న రాని రోజులాగా. చీకటి పడ్డా లోపలికి రావు. నేను కొన దాటానని నీకు తెలిస్తే చాలనుకున్నా. ఈ పడవ వెనకాల నా పడవ ఉందనుకుంటావనుకున్నా. నువ్వు ఒడ్డున ఉన్నంతసేపూ లోపల గిన్నెలు తోముతుంటాను."

నేను ఆ చింతపండు రసం తీసుకుని తాగాను. పంచదార ఎక్కువైంది, చూసుకోండి.

కొన దగ్గరికొచ్చాం. వాడు శంఖం తీయలేదు. అప్పుడు నా ఇల్లు చూశాను. సముద్రం వైపు నుంచి చూడటం అదే మొదటిసారి. ఎంత చిన్నది. వాళ్ల నాన్న రోజూ దీన్ని చూసుకుంటూ వచ్చేవాడన్నమాట.

"ఊదు" అన్నాను.

"చేపల్లేవమ్మా."

"మీ వంటగదిలో వేగుతున్నవేమిటి? కొబ్బరికాయలా?"

"అవి అతిథుల భోజనం."

"ఊదు."

ఊదాడు. ఊరంతా బేసిన్లతో వచ్చింది. శంఖం మోగాక చేప దిగాల్సిందే, కాబట్టి దించాను. అతిథుల్ని పస్తు పెట్టానని రాయకు. ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున పంపాను. ఉప్పుచేప, అరటికాయ, నిప్పుల మీద కాల్చిన సీమపనస తిన్నారు. గుమ్మంలో శుభం పలకనివాళ్లను వెనక్కి పంపి మళ్లీ రమ్మన్నాను, అంతే. నిద్రపోయిన ఇద్దరూ మా ఇంట్లో తిన్నవాళ్లే. మంచివాళ్లు.

ఇక తీర్పు. నా ఫిర్యాదు మీ మీద నుంచి తీసి వాడి మీద పెట్టాను. శంఖం మోగిన రోజు చేప దిగాలి, చేప లేని రోజు వాడు కొన దగ్గర చొక్కా విప్పి ఊపుతాడు. అది నాకు చాలు. మీ అతిథులకు చొక్కా విప్పడం నచ్చకపోతే కళ్లు మూసుకోమను.

గ్లాసులు మోసేవాడు నా గడప తొక్కకూడదన్న మాట అలాగే ఉంది. అందుకని అల్సీడ్ ఇప్పుడు పెరటి తలుపు నుంచి వస్తున్నాడు. ఆ తలుపుకు గడప లేదు. ఉండేది, మొన్న ఆదివారం తీయించాను.

వచ్చే గురువారం ఒక సీటు ఉంచు. కొనకు అవతలి వైపు మొన్న వాడితో మాటల్లో పడి చూడనే లేదు.

ఇట్లు,
జెర్మెన్ హిప్పొలైట్ (శిలువ గుర్తు)

తా.క. ఇది క్లోటిల్డ్. అల్సీడ్ సంగతి ఊరందరికీ ఈస్టర్ నుంచే తెలుసు. ఆమెకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. శంఖం మోగినా ఎవరూ రేవుకు రాకపోతే మాకేదో తెలుసని ఆమెకు అనుమానం వస్తుందని, చేపలుండవని తెలిసే బేసిన్లు పట్టుకుని పరుగెత్తేవాళ్లం. మూడు నెలలు. నాకు మోకాళ్ల నొప్పులు. ఆమె ఇప్పుడు నా పక్కనే కూర్చుని ఏం రాస్తున్నావని అడుగుతోంది. మీకు శుభాకాంక్షలు రాస్తున్నానన్నాను. శుభాకాంక్షలు ఇంత పొడుగ్గా ఉంటాయా అంటోంది.