మొదట ఏం చేస్తావు?

ప్రియమైన చిట్టితల్లికి,

నువ్వు పంపిన పది ప్రశ్నలకూ జవాబులు రాసి పంపుతున్నాను. ఫోన్‌లో చెబితే పోయేదానికి ఈ ఉత్తరాలెందుకని విసుక్కోకు. ఫోన్‌లో నువ్వు తిట్టినవి అక్కడికక్కడే మర్చిపోతాను. కాగితం మీద తిడితే డ్యూటీ అయ్యాక బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని మళ్లీ చదువుకోవచ్చు.

నర్సు లైసెన్సు పరీక్ష రాయడం ఇది మూడోసారి. ఇదీ తప్పితే కోర్సు మూడేళ్లూ మొదటి నుంచి చదవాలి, అప్పటికి నాకు యాభై దాటుతాయి. ఆయాగా ఇరవై రెండేళ్లు బెడ్‌పాన్లు కడిగాను. ఇంకా కడగడానికి చేతులు ఒప్పుకున్నా మనసు ఒప్పుకోవడం లేదు. నిన్న పెద్ద సిస్టర్ నా పుస్తకం చూసి, "ఈ వయసులో నీకెందుకమ్మా ఈ తలనొప్పి" అంది. "నా కూతురు నర్సయింది మేడమ్, నేను దానికి తగ్గ అమ్మనవ్వాలి కదా" అన్నాను. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నీ మొండి అమ్మ


ప్రియమైన అమ్మకు,

పదికి నాలుగు. మూడో ప్రశ్న చూడు. ఆపరేషన్ అయిన మనిషి పడుకుని ఆయాసపడుతున్నాడు, మొదట ఏం చేస్తావు? "డాక్టరును పిలుస్తాను" అని పెట్టావు. ఐదో ప్రశ్నలో షుగర్ ఉన్నామెకు చెమటలు పట్టి మాట తడబడుతోంది. అక్కడా పిలిచావు. తప్పిన ఆరింట్లోనూ ఎవరినో ఒకరిని పిలుస్తూనే ఉన్నావు. ఆ డాక్టరు మెట్లెక్కి వచ్చేలోపు వాళ్ల గతేం కావాలి? అతన్ని తల వైపు మంచం ఎత్తి కూర్చోబెట్టాలి. ఆమెకు వేలి మీద రక్తపు చుక్క తీసి షుగర్ చూడాలి. వార్డులో చూసొచ్చి ఇవన్నీ నాకు నేర్పిందే నువ్వు.

తెలియక తప్పడం వేరు, తెలిసీ పక్కకు తప్పుకోవడం వేరు. నాకు కోపం వచ్చిందమ్మా, దాచుకోను.

నీ కూతురు, ప్రస్తుతానికి నీ టీచరు


ప్రియమైన టీచరమ్మకు,

తిట్లు అందాయి, రెండుసార్లు చదివాను. నిజం చెప్పనా? పనిలో చేరిన రోజు నాకు నేర్పింది ఒక్కటే: దేన్నీ ముట్టుకోకు, పిలువు. ఒకసారి ఒకావిడ ముఖం మీద ఆక్సిజన్ మాస్కు జారితే సరిగ్గా పెట్టాను. "నువ్వెవరు ముట్టుకోడానికి" అని వార్డంతా చూస్తుండగా అప్పటి సిస్టర్ నన్ను కడిగేసింది. తలెత్తలేకపోయాను. అప్పట్నుంచి నా చేతులు వెనక్కే ఉన్నాయి. పరీక్ష కాగితం మీద కూడా ముందుకు రావడం లేదే తల్లీ.

సరే, కొత్త పదింట్లో ఒక్కరిని పిలిచానేమో చూడు.

అదే మొండి అమ్మ


ప్రియమైన అమ్మకు,

ఎనిమిది. కానీ తొమ్మిదో ప్రశ్నలో ప్రసవమైన ఆమెకు రక్తం ఆగడం లేదు, నర్సు తన పనులన్నీ చేసేసింది, బీపీ పడిపోతోంది. మహాతల్లీ, అక్కడ కూడా పిలవలేదు. నా మీద పంతంతో రాస్తే ఎలా? నీ చేతిలో ఉన్నది ముందు చెయ్యి. చెయ్యి దాటిపోతోందనిపిస్తే ఒక్క క్షణం ఆగకుండా పిలువు. పరీక్షంతా ఆ రెండింటి మధ్యే ఉంటుంది.

మా అమ్మ పరీక్ష రాస్తోందని ఇక్కడ అందరికీ చెప్పుకున్నాను. ఏం వచ్చినా ఇలాగే చెప్పుకుంటాను.

నీ కూతురు


ప్రియమైన అమ్మకు,

ఫలితాలు వచ్చి నెల దాటింది. నీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే "తర్వాత చెప్తాలే" అని పెట్టేస్తున్నావు. నేనే చూద్దామంటే నీ హాల్ టికెట్ నంబరు కూడా ఇవ్వలేదు. నాకు అర్థమైందమ్మా. నేను అంత కటువుగా రాయకుండా ఉండాల్సింది. మళ్లీ చదువుతానంటే పక్కనుంటాను, ఇక చాలన్నా పక్కనే ఉంటాను. ఒక్క ముక్క రాయి.

నీ చిట్టి


ప్రియమైన చిట్టితల్లికి,

పాసయ్యాను. నిన్ను ఏడిపించినందుకు నాలుగు తిట్టుకో, పడతాను. ఊరికే పాసయ్యానని చెప్పడం నాకు చాలలేదు. నర్సుగా ఒక్క పనైనా చేసి చెప్పాలనుకున్నాను.

లైసెన్సు చేతికొచ్చింది. సోమవారం మా ఆసుపత్రిలోనే, ఆడవాళ్ల వార్డులో నర్సుగా డ్యూటీలో చేరాను. బుధవారం ఒక పెద్దావిడకు రక్తం ఎక్కుతోంది. పావుగంటకే చలి, వణుకు, నడుము నొప్పి. ఎక్కే రక్తం ఆమె ఒంటికి పడటం లేదన్నమాట. కొత్తగా చేరిన ఆయా కంగారుగా "ఎవరినైనా పిలవనా" అంది. ముందు రక్తం ఆపేశాను. గొట్టం మార్చి సెలైన్ పెట్టి, "ఇప్పుడు పరుగెత్తి డాక్టరును పిలువమ్మా" అన్నాను. ఆయన వచ్చేసరికి బీపీ చూసి రాసి ఉంచాను.

ఆయన రక్తం సంచి వైపు చూసి, "ఆపిందెవరు?" అన్నాడు. పెద్ద సిస్టర్ పక్కనే ఉంది. ఇరవై రెండేళ్లుగా ఇలాంటి ప్రశ్నకు నా దగ్గరున్నది ఒకే జవాబు, "నాకు తెలియదు సార్, సిస్టర్‌ని అడగండి." ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నేనే ఆపాను సార్" అన్నాను.

"మంచి పని చేశారు" అని ఆయన చార్టు నా చేతికిచ్చాడు. పెద్దావిడ ఇవాళ కూర్చుని జావ తాగింది. చార్టులో, ఆపిన సమయం పక్కన, నా సంతకం ఉంది.

నీ అమ్మ,
స్టాఫ్ నర్సు, ఆడవాళ్ల వార్డు